గుళికల సంగతి తర్వాత, ముందు తీగ చూడండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. ఎర్ర ఇసుక నేల, బోరు ఉంది. కొన్నేళ్లుగా ఎకరంలో శివరాత్రికి అందేలా చిలగడదుంప వేస్తున్నాను. పోయినసారి తవ్వితే మూడో వంతు దుంపలకు సన్నని రంధ్రాలున్నాయి. కోస్తే లోపల నల్లటి సొరంగాలు. ఉడకబెడితే చేదు, ఒకలాంటి వాసన. వ్యాపారి సగం సరుకు వెనక్కి పంపేశాడు. నాటేటప్పుడు చాళ్లలో పురుగుమందు గుళికలు వేశాను, తర్వాత రెండుసార్లు మందు కూడా కొట్టాను. నాటే తీగలు మా పాత చేలోవే. దుంప తవ్వేశాక గట్టు పక్కన మిగిలిన వాటికి నీళ్లు పెట్టి పెంచుకున్నవి. ఇంకో నెలలో నాటాలి. ఈసారి ఏ గుళికలు వేస్తే పురుగు రాదు? మా ఇంటావిడ పెరట్లో ముల్లంగి, కంద కూడా వేస్తానంటోంది. వాటికీ విత్తేటప్పుడే చేయాల్సింది ఏమైనా ఉంటే చెప్పండి.

సమాధానం: సగం సరుకు వెనక్కి వచ్చిందంటే ఆ సంవత్సరం కష్టమంతా పోయినట్టే. ఆ బాధ మీ ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది. మీరు గుళికల గురించి అడిగారు కానీ, నేను ఆగిపోయింది ‘తీగలు మా పాత చేలోవే’ అన్న మాట దగ్గర. పోయినసారి పురుగు బయటి నుంచి వచ్చి ఉండొచ్చు. ఈసారి మాత్రం దాన్ని మీరే మోసుకెళ్లి నాటబోతున్నారు. గట్టు పక్కన ఉన్న ఆ తీగల్ని వాడకండి. నా సమాధానంలో ఈ ఒక్క మాటే పాటించినా సగం పని అయినట్టే.

మీ దుంపల్ని తిన్నది ముక్కు పురుగు. గెణుసుగడ్డ అని పిలిచే రాయలసీమలోనూ, మోరంగడ్డ అనే తెలంగాణ పల్లెల్లోనూ ఇదే పురుగు, ఇదే చేదు. పెద్ద పురుగును చూసి చాలామంది చీమ అనుకుని వదిలేస్తారు. సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. తల, రెక్కలు నీలి నలుపు, నడుమ భాగం, కాళ్లు ఎర్రగా ఉంటాయి. ముందుకు సాగిన ముక్కు ఉంటుంది. ముట్టుకుంటే చచ్చినట్టు కదలకుండా పడిపోతుంది. పగలు ఆకుల కింద, మట్టి పెళ్లల కింద దాక్కుని రాత్రి తిరుగుతుంది. అందుకే పగలు చేను చూసి పురుగు లేదనుకుంటాం.

ఒక పని చేయండి. గట్టు పక్కన ఉన్న తీగల్లో మొదలు లావెక్కి, పగిలినట్టు, కాస్త గోధుమ రంగుకు తిరిగినదాన్ని ఒకటి పీకి, బ్లేడుతో నిలువుగా చీల్చండి. పురుగు పట్టిన తీగైతే లోపల పొడిలాంటి రెట్టతో నిండిన సన్నని దారి కనిపిస్తుంది. ఆ దారి చివర కాళ్లు లేని తెల్లటి పిల్లపురుగు గోధుమ రంగు తలతో వంకర తిరిగి ఉంటుంది. కాండం పైన జాగ్రత్తగా చూస్తే చిన్న చిన్న గుంటలు, వాటి మీద నల్లగా ఎండిన మూతలు ఉంటాయి. తల్లి పురుగు ముక్కుతో గుంట చేసి, గుంటకొక గుడ్డు పెట్టి, తన రెట్టతోనే దాన్ని మూసేస్తుంది. అంటే గుడ్డు, పిల్లపురుగు, అది పెద్ద పురుగుగా మారే ముందు దశ అయిన ప్యూపా మూడూ కాండం లోపలే ఉంటాయి. మీరు పైన కొట్టిన మందు వాటికి తగలనే తగలదు. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా దాదాపు నెల రోజులు పడుతుంది. నాలుగు నెలల పంటలో అది ఎన్ని తరాలు పెంచుకోగలదో లెక్క వేసుకోండి.

ఇక గుళికల సంగతి. నాటేటప్పుడు చాలులో వేసిన గుళిక పనిచేసేది కొన్ని వారాలే. అప్పటికి తీగకు ఇంకా దుంపే ఉండదు. దుంప ఊరడం మొదలయ్యేది నెల దాటాక, నష్టం ఎక్కువగా జరిగేది చివరి రెండు నెలల్లో. ఆ సమయానికి మందు పని అయిపోతుంది, పురుగు పని మొదలవుతుంది. పైగా మనం తినేది నేలలో ఉన్న భాగాన్నే. శివరాత్రి నాడు ఉపవాసం ఉన్నవాళ్లు, చిన్న పిల్లలు తొక్కతో సహా ఉడికించిన దుంప తింటారు. దాని పక్కనే విషపు గుళికలు వేయడానికి నాకు మనసొప్పదు. ఫోరేట్ గుళికలనైతే 2020 డిసెంబరు 31 నుంచి దేశంలోనే నిషేధించారు. పాత నిల్వ ఉందని ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. నాటే ముందు తీగల్ని ముంచమని పాత కరపత్రాల్లో రాసిన ఫెంథియాన్‌ను 2018లోనే నిషేధించారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయ పంటల మీద వాడకూడదని 2005లోనే ఉత్తర్వు వచ్చింది. కొట్టువాళ్లు అలవాటు కొద్దీ ఇంకా ఈ పేర్లే చెబుతుంటారు. డబ్బా మీద మీ పంట పేరు ఉందా లేదా చూడండి, లేకపోతే తీసుకోకండి.

గుళికల వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. నేలలోని చీమల్ని చంపేస్తాయి. క్యూబాలో చిలగడదుంప రైతులు కొన్ని రకాల చీమల్ని అరటి బొదెల్లోకి చేరేలా చేసి, ఆ బొదెల్ని తెచ్చి చేలో పెట్టేవారు. ఆ చీమలు ముక్కు పురుగు పిల్లల్ని తిని పంటను కాపాడేవి. మన దగ్గర ఆ పద్ధతి లేదు కానీ, ఉన్న చీమల్ని ఊరికే చంపుకోవడం ఎందుకు?

తీగలు ఎక్కడి నుంచి తేవాలి అన్నది మీకు ఇప్పుడు అసలు సమస్య. సరైన పద్ధతైతే మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. రంధ్రం లేని మంచి దుంపల్ని ఎంచి, ఎకరానికి ఒక సెంటు చోటులో 40 కిలోల దాకా నాటి, మొలిచిన తీగల్ని 40, 45 రోజులకు కోసి ఐదు సెంట్ల రెండో నారుమడిలో పెంచుకోవాలి. అక్కడి నుంచి మరో నెలన్నరకు ఎకరానికి సరిపడా తీగ వస్తుంది. వచ్చే ఏడాదికి ఈ పని తప్పకుండా చేయండి. నారుమడి మీ దుంప చేనికి దూరంగా, వీలైతే ఇంటి దగ్గర ఉండాలి.

ఈ ఏడాది మీకు ఉన్నది నెల రోజులే. కాబట్టి జులై, ఆగస్టుల్లో నాటిన లేత చేను చుట్టుపక్కల ఎవరిదైనా ఉందేమో వెతకండి. ఆ చేలో కూడా ముందు ఒకటి రెండు తీగల మొదళ్లు చీల్చి చూశాకే బేరమాడండి. కోసేటప్పుడు తీగ చివరి భాగం, అంటే కొస నుంచి 20–30 సెంటీమీటర్లు మాత్రమే తీసుకోండి. తల్లి పురుగు గుడ్లు పెట్టేది మొదలు దగ్గరి ముదిరిన భాగంలో. లేత కొసలో గుడ్లు ఉండే అవకాశం చాలా తక్కువ. కొసలు నాటితే త్వరగా వేళ్లు పట్టి దుంప కూడా బాగా ఊరుతుంది. మొదలు దగ్గరి ముక్కలు, మధ్య ముక్కలు కూడా కలిపి కట్టలు కట్టి అమ్ముతారు. అవి వద్దని నిక్కచ్చిగా చెప్పండి.

ఎకరానికి దగ్గర దగ్గర 33 వేల ముక్కలు కావాలి. బోదెకు బోదెకు మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు మధ్య 20 అనుకుంటే వచ్చే లెక్క అది. కొసలే కోస్తే అన్ని దొరకకపోవచ్చు. అలాంటప్పుడు అర ఎకరమే వేయండి. మిగతా అర ఎకరంలో వేరే పంట ఏదైనా పెట్టుకోండి. ఎకరమూ నిండాలని ముదురు ముక్కలు కలిపితే, వాటి పురుగు మంచి వాటికీ పాకుతుంది. ఈ విషయంలో నేను రాజీ పడను.

కోసిన తీగల్ని ఆకులతోనే కట్టలు కట్టి రెండు రోజులు నీడలో ఉంచితే వేళ్లు తొందరగా వస్తాయి. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కూడా ఇదే చెబుతుంది. నాటే రోజు సాయంత్రం, బకెట్టులో లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున బవేరియా బాసియానా పొడి కలిపి, తీగ ముక్కల్ని అరగంట ముంచండి. ఇది పురుగుకు రోగం తెప్పించే బూజు. ఎండకు చనిపోతుంది కాబట్టి పొద్దు వాలాక ముంచి, అప్పటికప్పుడు తడి నేలలో నాటేయాలి. అదే నీళ్లలో తెగులు మందు కలపకండి, బూజు చస్తుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసుకోండి, కొట్టులో ఎండ తగిలే చోట పెట్టింది కొనకండి. ఇది కాండం లోపల ఉన్న పురుగును చంపుతుందని మాత్రం అనుకోవద్దు. శుభ్రమైన తీగకు అదనపు రక్షణ అంతే. రసాయనంలోనే ముంచాలనుకుంటే ఇప్పుడు అనుమతి ఉన్నది ఏదో రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుణ్ణి గానీ, మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను గానీ అడిగి, వాళ్లు చెప్పిన మోతాదులోనే వాడండి. దుంప పంటల మీద కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానంలోనూ పని జరుగుతోంది.

తీగల రాకపోకలను కొన్ని దేశాలు ఎంత గట్టిగా పట్టించుకుంటాయో ఒక్క ఉదాహరణ చెబుతాను. జపాన్‌లో ఒకినావా దీవుల నుంచి చిలగడదుంపను గానీ, దాని తీగను గానీ ప్రధాన దీవులకు తీసుకెళ్లడం చట్టరీత్యా నేరం. అందుకు ముఖ్య కారణాల్లో ఈ పురుగు ఒకటి. ఒకినావాకు చెందిన కుమే దీవిలో పిల్లలు పుట్టించలేని మగ పురుగుల్ని పెంచి వదులుతూ ఏళ్ల తరబడి పనిచేస్తే, 2013కి గానీ అక్కడ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించలేకపోయారు. మనం మాత్రం పక్క ఊరి నుంచి ఆటోలో తీగ కట్టలు వేసుకొచ్చి అదే రోజు నాటేస్తాం.

ఇక చేను ఎంపిక. అదే ఎకరంలో మళ్లీ వేయకండి. పోయినసారి తవ్వగా మిగిలిన చిన్న దుంపలు, తెగిన వేళ్లు నేలలోనే ఉండి ఉంటాయి. వాటిలో పురుగు బతికే ఉంటుంది. ఈ పురుగు ఎగరడం తక్కువ, నడకే ఎక్కువ. కాబట్టి పాత మడిని ఆనుకుని ఉన్న చేను కూడా వద్దు. వరి కోసిన మడి దొరికితే అంతకంటే మంచిది లేదు. నెలల తరబడి నీళ్లు నిలిచిన నేలలో ఇది బతకదు. తక్కువ కాలపు వరి వేసిన మడి ఎవరిదైనా అక్టోబరు చివరికి ఖాళీ అయితే కౌలుకు అడిగి చూడండి.

పాత చేను దున్నినప్పుడు బయటపడే దుంప ముక్కల్ని, గట్టు పక్కన పెంచిన ఆ తీగల్ని ఏరి కాల్చేయండి, లేదా లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి. పశువులకు వేయకండి. ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, అమ్ముడుపోని పుచ్చు దుంపల్ని వృథా చేయడం ఇష్టం లేక గేదెలకు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. పురుగు కొరికినప్పుడు దుంప తనను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారు చేసుకుంటుంది. మీరు చూసిన చేదు, వాసన అవే. ఒక మూలన పురుగు తిన్నా ఆ రుచి చాలా భాగానికి పాకుతుంది. అందుకే పుచ్చు కోసేసి మిగతాది వండినా తినలేం. పుచ్చుకు బూజు కూడా తోడైతే పశువుల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయే ప్రమాదం ఉంది.

చేను గట్ల మీద, కాలువ పక్కన తూటికాడ, దాని జాతి తీగలు ఉంటే అవీ పీకేయాలి. చిలగడదుంప లేనప్పుడు పురుగు తలదాచుకునేది వాటి మీదే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇసుక మీద పాకే బాలబంది తీగ కూడా అదే జాతి.

నాటే విధానంలోనూ రక్షణ ఉంది. ఈ పురుగుకు మట్టిని తవ్వే శక్తి లేదు. పైన తిరుగుతూ, బోదె మీద పగులు కనిపిస్తే అందులోంచి దిగి దుంపను చేరుతుంది. పగులు లేకపోతే సరిగ్గా దుంపకు పైనే తిరుగుతున్నా దుంప దానికి అందదు. కాబట్టి బోదెలు ఎత్తుగా, వెడల్పుగా పోయండి. తీగ ముక్కలో మూడు నాలుగు కణుపులు మట్టిలోకి వెళ్లాలి. నాటాక మొదటి నెలకు, రెండో నెలకు కలుపు తీసి మట్టి బాగా ఎగదోయండి. దుంప లావెక్కేకొద్దీ బోదె దానంతట అదే పగులుతుంది, కాబట్టి రెండోసారి ఎగదోసేటప్పుడు కూలీ ఖర్చని వెనకాడవద్దు. వర్షాకాలపు పంట కంటే శివరాత్రి పంటకు ఈ పురుగు బెడద ఎక్కువ, ఎందుకంటే దుంప ఊరే జనవరి, ఫిబ్రవరిల్లో నేల ఎండి పగుళ్లిస్తుంది. మీకు బోరు ఉందన్నారు, అది మీకు పెద్ద వరం. చివరి నెలలో పగుళ్లు కనపడకుండా తేలిక తడులు ఇస్తూ ఉండండి. ఎండు గడ్డి దొరికితే బోదెల మీద పరిస్తే ఇంకా మంచిది. మీ ఇసుక నేలలో పగుళ్లు నల్లరేగడి కంటే తక్కువే అయినా, దుంప ఉబ్బిన చోట మట్టి జారి దుంప బయటపడుతుంది. సాయంత్రం పూట చేలో నడిచేటప్పుడు అలాంటివి కనిపిస్తే కాలితోనే మట్టి కప్పండి.

నాటడానికి వారం ముందే ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలు రెండు మూడు చేలో పెట్టి చూడండి. పక్కన పురుగు ఉంటే మగవి వచ్చి పడతాయి. ఎన్ని పడ్డాయో చూస్తే, ఆ చేలో నాటాలా, మరో చేను చూసుకోవాలా అన్నది తేలుతుంది. నాటాక రెండున్నర సెంట్లకు ఒక బుట్ట చొప్పున పెట్టాలని సిఫార్సు. ఎకరానికి అవి 40 అవుతాయి. అన్నీ కొనలేకపోతే పాత ప్లాస్టిక్ డబ్బాలో సబ్బు నీళ్లు పోసి, పైన గరాటు బిగించి, దాని మీద ఎర వేలాడదీసి మీరే చేసుకోవచ్చు, బుట్టకో ఎర కొంటే చాలు. నాటిన 50వ రోజు నుంచి 80వ రోజు దాకా పది రోజులకోసారి 100 గ్రాముల చిలగడదుంప ముక్కల్ని ఐదు మీటర్లకు ఒకటి చొప్పున చేలో పెడితే ఆడ పురుగులు కూడా వాటి మీద చేరతాయి. పొద్దున్నే ఆ ముక్కల్ని ఏరి పురుగులతో సహా వేడి నీళ్లలో వేసేయాలి. మర్చిపోయి చేలోనే వదిలేస్తే మీరే పురుగును పెంచినట్టవుతుంది.

శివరాత్రి ధర గురించి ఒక మాట చెప్పాలి. మీ నష్టంలో దీని వాటా ఎంతో నాకు అనుమానంగా ఉంది. దుంప తయారైనా పండుగ దాకా ధర కోసం నేలలోనే ఉంచేస్తారు. అలా ఆగిన ప్రతి వారమూ పురుగుకు లాభమే. నాటే తేదీని శివరాత్రి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మీ రకం 110 రోజులదైతే, పండుగకు నాలుగైదు రోజుల ముందు తవ్వేలా నాటండి. పండుగ ఫిబ్రవరి మధ్యలో వచ్చే ఏడాదికీ, మార్చిలో వచ్చే ఏడాదికీ నాటే తేదీ మూడు వారాలు మారాలి. ప్రతి ఏడూ ఒకే తేదీకి నాటితే కుదరదు. తవ్వాక పుచ్చు దుంపల్ని మంచివాటితో కలిపి ఒక్క రాత్రి కూడా కుప్ప పోయకండి.

ఇక పెరటి సంగతి. కంద విత్తనపు దుంపల మీద, ముఖ్యంగా మొలక చుట్టూ ఉన్న గుంటలో తెల్లటి దూదిలా పిండినల్లి ఉందేమో మీ ఇంటావిడను చూడమనండి. నిల్వలో పట్టిన పిండినల్లి దుంపతో పాటే మడిలోకి వెళ్తుంది. అది ఎక్కువగా ఉన్న దుంపను విత్తనానికి పక్కన పెట్టేయాలి. కొద్దిగా ఉంటే పాత బ్రష్‌తో సబ్బు నీళ్లలో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టాలి. ముక్కలు కోశాక చిక్కటి పేడ నీళ్లలో కిలో విత్తనానికి 5 గ్రాముల ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు పొడి కలిపి ముంచి, మళ్లీ నీడలో ఆరనిచ్చి నాటితే కుళ్లు కూడా తగ్గుతుంది.

ముల్లంగికి అసలు జాగ్రత్త ఎరువులోనే ఉంది. పచ్చి పెంట వేస్తే వేరుపురుగు దిగుతుంది, దుంప కూడా చీలి రెండు మూడు కాళ్లుగా పెరుగుతుంది. బాగా మాగిన ఎరువే, అదీ దుక్కిలోనే కలపాలి. గింజను ఒక సెంటీమీటరు లోతులో వేసి, జల్లించిన మట్టి కప్పి, చేత్తో మెల్లగా అదిమితే చీమలు ఎత్తుకుపోవడం తగ్గుతుంది. రెండు ఆకులు వచ్చిన దగ్గర్నుంచి ఆకుల మీద సూదితో గుచ్చినట్టు తూట్లు పడుతున్నాయేమో చూడాలి. గెంతే చిన్న నల్ల పెంకు పురుగుల పని అది. పొద్దున మంచు తడి మీద కట్టెల బూడిద పలుచగా చల్లి, పాత దోమతెర ఉంటే రెండు వారాలు మడి మీద కప్పి ఉంచమనండి. మూడు నాలుగు ఆకులు గట్టిపడ్డాక తెర తీసేయవచ్చు.